ఇరవయ్యేడో నంబరు

మార్చి మొదటి వారం. డులూత్‌లో సరస్సు ఇంకా కళ్ళు తెరవలేదు.
మధ్యాహ్నం రెండింటికి గడువు.
పది నిమిషాలుందనగా
మా వర్గోని అమ్మేశారు.

అమ్మడం అనకూడదట, మార్పిడి అనాలట.
ముప్పయ్యారేళ్ళ డిఫెన్స్‌మన్ ఒకడికి
పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు,
పైన కొసరుగా వచ్చే ఏడాది మూడో రౌండు డ్రాఫ్ట్ పిక్,
వంకాయలు తూచాక వేసే కరివేపాకు రెబ్బలా.

ఆ మూడో రౌండు పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడో!
ఏ సస్కచ్వాన్ పల్లెలోనో లెక్కల పరీక్ష తప్పి
గరాజ్ తలుపుకి పక్ కొట్టి సొట్టలు పెడుతుంటాడు.
వాడు మావాడని వాడికే తెలీదు.
ఆలు లేదు చూలు లేదు,
మేనేజరుగారు అప్పుడే సోమలింగానికి స్కేట్లు బేరమాడుతున్నారు.

నేను ఆసుపత్రిలో స్కానింగ్ చేస్తాను.
రోజుకి పన్నెండు కడుపుల్లో
బూడిదరంగు నీడల తొడ ఎముకలు కొలుస్తాను.
"ఎలా ఉంటాడండీ?" అని తండ్రులు అడుగుతారు.
మిల్లీమీటర్లు రాసుకుని
డాక్టరుగారు చెప్తారంటాను.
ఈ స్కౌట్లకి ఆ భయం లేదు.
పదిహేడేళ్ళవాడి చీలమండ చూసి
పదేళ్ళ తర్వాతి కప్పుకి మెరుగు పెడతారు.

వర్గో వేగం లేనివాడే, ఒప్పుకుంటాను.
వెనక్కి తిరగాలంటే
ఖనిజం ఓడ రేవులో తిరిగినంత సేపు.
కానీ గోల్ ముందు మోకాళ్ళ మీద కూలి
పక్కటెముకలతో పక్‌ని ఆపితే
ఆ చప్పుడు పద్నాలుగో వరుస దాకా వచ్చేది.
ఆపినందుకు పట్టికలో ఒక అంకె వేస్తారు.
చప్పుడుకి గడి లేదు.

పక్క సీటు ఎయినో కర్వోనెన్,
నలభై ఏళ్ళు ఓడల్లోకి ఖనిజం దించిన మనిషి,
థర్మాస్ మూతలో కాఫీ పోసిచ్చి అన్నాడు:
"పళ్ళున్నప్పుడే గుర్రాన్ని అమ్మాలి, హైమా."
నువ్వు కూడానా!
రెండు పీరియడ్లు ఆయనతో మాట్లాడలేదు.
కాఫీ మాత్రం తాగాను.

నా అభిప్రాయం అడిగితే (ఎవరూ అడగలేదు),
మూడేళ్ళుగా కింది జట్టులో నానుతున్న డెక్కర్ లేడూ?
ఈ ఊరి రింకులోనే గోడ పట్టుకుని నడక నేర్చినవాడు.
పెరటి చెట్టు. మందుకి పనికిరాడు.

వచ్చినవాడి పేరు రోవన్ స్లాడెక్.
గడ్డం ఇంకా మొలవలేదు.
మొదటి షిఫ్టులోనే నీలిగీత దగ్గర పక్ జారవిడిచి
అవతలివాళ్ళకి గోల్ దానం చేశాడు.
చెప్పకూడదు గానీ, నాకు కడుపు నిండింది.

బెంచీ మీద తల దించుకోలేదు వాడు.
స్టిక్‌కి చుట్టిన టేపు మెల్లగా విప్పి
మడమ నుంచి కొన దాకా మళ్ళీ చుట్టాడు,
తప్పంతా టేపుదే అన్నట్టు.
మళ్ళీ దిగాడు.

మూడో పీరియడ్‌లో
ఇద్దరి మధ్య, చాప పరిచేంత చోటులో
వాడు తిరిగిన తిరుగుడుకి
కర్వోనెన్ ఒళ్ళో కాఫీ ఒలికింది.
నేను చప్పట్లు కొట్టలేదు.
చేతులు జేబుల్లో ఉన్నాయి. చలి.

ఓడిపోయాం, నాలుగు రెండు.

సిగ్గు లేకుండా వాడికి ఇరవయ్యేడే ఇచ్చారు.
ఇంటికొచ్చి జెర్సీ ఒళ్ళో వేసుకుని
చిన్న కత్తెర తీశాను.
అంకె అదే, పేరొక్కటే మారాలి.
మొదటి రెండక్షరాల కుట్లు విప్పాను.
అవి ఊడినచోట గుడ్డ
కొన్ననాటి ముదురు నీలం.
చుట్టూ ఆరేళ్ళ ఉతుకులకి వెలిసిపోయింది.
అక్కడ ఆపేశాను.

శనివారం ఆట ఉంది.
అలాగే వేసుకెళ్తాను, సగం పేరుతో.
ఇది ఎవరి జెర్సీ అని అడిగితే
డాక్టరుగారు చెప్తారంటాను.